పదిహేనేళ్ళ నాటి కెమెరా మనకు చాలదా?



మిర్చి కోతల హడావుడి కాస్త తగ్గింది కాబట్టి ఈసారి మందులు, ధరలు పక్కన పెట్టి వేరే సంగతి రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి.

నేను ఇక్కడ పెట్టే పురుగుల ఫోటోలు, ఆకుల ఫోటోలు చూసి చాలామంది "ఏం ఫోన్ అన్నా అది?" అని అడుగుతున్నారు. అది ఫోన్ కాదండీ. నికాన్ డీ90 అనే పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా. 2008లో వచ్చిన మోడల్. టౌన్‌లో ఒక స్టూడియో అతను కొత్తది కొనుక్కుని దీన్ని బీరువాలో పడేస్తే, నాలుగేళ్ళ కింద రెండు లెన్సులతో కలిపి 11,000 రూపాయలకు తెచ్చుకున్నాను. ఈ నాలుగేళ్ళలో బ్యాటరీ ఒకటి కొన్నాను తప్ప దాని మీద రూపాయి ఖర్చు లేదు.

ఈ మాట చెప్పగానే వెంటనే వచ్చే ప్రశ్న ఇంకోటి ఉంది. "ఫోన్లోనే 108 మెగాపిక్సెల్ వస్తుంటే ఇంకా ఆ పాత డొక్కు ఎందుకు?" అని. అడగటంలో తప్పేం లేదు. కానీ ఈ ప్రశ్న వెనకాల మన డబ్బు చాలా పోతోంది. ఫోటోలు బాగా వస్తాయని 40 వేలు, 50 వేలు పెట్టి వాయిదాల మీద ఫోన్లు కొంటున్నారు. ఫోటోగ్రఫీ నేర్చుకుంటానన్న కుర్రాడికి వడ్డీకి తెచ్చి రెండు మూడు లక్షల సరంజామా కొనిస్తున్నారు. అందుకే నా అభిప్రాయం ముందే సూటిగా చెప్తున్నాను. ఫోటో కోసమే అయితే ఖరీదైన ఫోన్ కొనొద్దు. పని నేర్చుకోవడానికే అయితే అప్పు చేసి కొత్త కెమెరా కొనొద్దు. మంచి కండిషన్‌లో ఉన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి వెతుక్కోండి. ఎందుకో చెప్తాను. అది ఎక్కడ పనికిరాదో కూడా దాచకుండా చెప్తాను.

ముందు ఈ మెగాపిక్సెళ్ళ లెక్క తేల్చుకుందాం. వరి వెన్ను చూసి మనం ఏమంటాం? గింజలు ఎన్ని ఉన్నాయని ఒక్కటే చూడం. పాలు పోసుకున్నాయా, తాలు పోయాయా అని చూస్తాం. మూడొందల గింజలుండి సగం తాలైతే ఏం లాభం? ఫోటో కూడా అంతే. చుక్కలు ఎన్ని అన్నది ఒక లెక్క, ఒక్కో చుక్క మీద ఎంత వెలుతురు పడింది అన్నది అసలు లెక్క. కెమెరా లోపల వెలుతురును పట్టే పలకను సెన్సార్ అంటారు. డీ90లో ఆ పలక దాదాపు 23.6 మిల్లీమీటర్ల పొడవు, 15.8 మిల్లీమీటర్ల వెడల్పు. 108 మెగాపిక్సెల్ ఫోన్లలో పెద్ద రకం తీసుకున్నా ఆ పలక దాదాపు 10 మిల్లీమీటర్ల పొడవు, 7 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది. అంటే పాత కెమెరా చేను అయిదు రెట్లు పెద్దది. ఆ చిన్న మడిలో 108 మిలియన్ల చుక్కలు కుక్కారు, ఈ పెద్ద మడిలో 12.3 మిలియన్లు నాటారు. ఒత్తుగా నాటిన మడిలో ఏ మొక్కకూ బలం ఉండదని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో విషయం వింటే మీకు నవ్వొస్తుంది. ఈ 108 మెగాపిక్సెల్ ఫోన్లలో చాలావరకు మామూలుగా ఫోటో తీసినప్పుడు తొమ్మిది చుక్కలను కలిపి ఒక చుక్కగా చేసి, చివరికి 12 మెగాపిక్సెళ్ళ ఫోటోనే మన చేతిలో పెడతాయి. అంటే 2008లో ఈ కెమెరా ఉన్న చోటికే తిరిగి వచ్చాయన్నమాట.

అలాగని ఫోన్లు చెడ్డవని నేను అనను. ఫోన్ లోపల మంచి కంప్యూటర్ ఉంది. ఒక్క నొక్కుకు నాలుగైదు ఫోటోలు తీసి, కలిపి, చీకటిని వెలుగు చేసి, మొహం నునుపు చేసి, ఆకాశం నీలం చేసి మనకు ఇస్తుంది. పెళ్ళిలో సెల్ఫీకి అది బాగానే ఉంటుంది. కానీ మన పనికి అదే ఇబ్బంది. పత్తి ఆకు పండుబారుతోంది, మెగ్నీషియం లోపమా, నత్రజని లోపమా, తెగులా అని శాస్త్రవేత్తకు ఫోటో పంపుతాం. చాలా ఫోన్లు పచ్చదనాన్ని ఇంకాస్త పచ్చగా చేసి చూపిస్తాయి. చేలో లేత పసుపుగా ఉన్న ఆకు ఫోటోలో ఆరోగ్యంగా కనిపిస్తుంది. అవతల ఆయన దాన్ని చూసే సలహా చెప్తాడు. పాత కెమెరాలో ఈ గోల తక్కువ. వైట్ బ్యాలెన్స్ అనే దాన్ని ఎండకో, మబ్బుకో ఒకచోట పెట్టేసి, రంగు పెంచే సెట్టింగులు తగ్గించి తీస్తే ఉన్న రంగుకు దగ్గరగా వస్తుంది. పొద్దున తీసిన ఆకునూ, పది రోజుల తర్వాత అదే వేళకు తీసిన ఆకునూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఒక చిన్న మాట. ఆ ఫోటోను వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

రెండో లాభం మన కళ్ళకు సంబంధించింది. డీఎస్‌ఎల్‌ఆర్ అంటే లోపల అద్దం ఉండే కెమెరా. లెన్సులోంచి వచ్చిన వెలుతురు ఆ అద్దానికి తగిలి పైకి వెళ్ళి, మనం కన్ను పెట్టే కంతలోకి వస్తుంది. ఫోటో నొక్కినప్పుడు అద్దం టక్కున పైకి లేచి సెన్సార్‌కు దారి ఇస్తుంది. ఆ టకటక శబ్దం అదే. అంటే మనం చూసేది తెర కాదు, నిజమైన వెలుతురు. మిట్టమధ్యాహ్నం చేలో నిలబడి ఫోన్ తెర చూడండి, మన మొహమే కనిపిస్తుంది. ఈ కంతలో కన్ను పెడితే ఎంత ఎండలో అయినా స్పష్టంగా కనిపిస్తుంది. పైగా ఆ కంత పక్కన చిన్న చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పుతూ మన చూపుకు తగ్గట్టు సరిచేసుకోవచ్చు. నాకు చత్వారం వచ్చి పదేళ్ళు అవుతోంది. చేలో కళ్ళజోడు కోసం జేబులు తడుముకోకుండా ఫోటో తీయగలుగుతున్నాను. యాభై దాటిన వాళ్ళకు ఈ మాట విలువ తెలుస్తుంది.

మూడోది పురుగుల ఫోటోలు. మిర్చిలో పై ముడత వస్తే తామర పురుగు, కింది ముడత వస్తే నల్లి అని మనకు తెలుసు. రెండింటికీ మందు వేరు. 2021లో నల్ల తామర పురుగు పూతలో దూరి మిర్చి తోటలను ఎట్లా ఊడ్చిందో ఎవరూ మర్చిపోలేదు. ఆ పురుగు పొడవు మిల్లీమీటరు అటూ ఇటూ. ఫోన్ దగ్గరగా పెడితే చాలా ఫోన్లకు అది మసకే. భూతద్దంలో మనకు కనిపిస్తుంది గానీ దాన్ని ఇంకొకరికి పంపలేం.

దీనికి ఖరీదైన మ్యాక్రో లెన్సు అక్కర్లేదు. నా దగ్గర ఉన్న రెండో లెన్సు నికాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8డి. దాన్ని తిరగేసి, ముందు వైపు కెమెరాకు తగిలిస్తే అదే మ్యాక్రో లెన్సు అవుతుంది. తగిలించడానికి రివర్స్ రింగ్ అని చిన్న ఇనుప చుట్టు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అప్పుడు ఫోకస్ తిప్పే పని ఉండదు, కెమెరాను వెంట్రుక వాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ నొక్కాలి. ఈ లెన్సు మీద వెలుతురు కంత పెద్దది చిన్నది చేసుకునే రింగు ఉంది కాబట్టి తిరగేసినా చేత్తోనే సరిచేసుకోవచ్చు. ఆ రింగు లేని కొత్త రకం లెన్సులతో ఇది అంత సులువు కాదు. పురుగు పసుపా నలుపా, ఆకు మీద ఉందా పువ్వులో ఉందా అన్నది ఫోటోలో తేలిపోతుంది. ఒక్క తప్పు మందు కొట్టకుండా ఆపుకుంటే ఎకరానికి ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి. నా కెమెరా ధర రెండు స్ప్రేల్లోనే వచ్చేసింది.

ఇప్పుడు లెన్సుల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. నికాన్ వాళ్ళు లెన్సు తగిలించే ఎఫ్ మౌంట్‌ను 1959లో మొదలుపెట్టారు. డీఎస్‌ఎల్‌ఆర్‌లు చేసినన్నాళ్ళూ దాన్ని మార్చలేదు. కెనాన్ వాళ్ళు ఒకసారి 1987లో మార్చి ఈఎఫ్ మౌంట్ తెచ్చారు, అప్పుడు పాత లెన్సులు ఉన్నవాళ్ళు బాధపడ్డారు. కానీ ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా అదే నడిచింది. అందువల్ల ఈరోజు పాత లెన్సులు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి, తక్కువ ధరకు దొరుకుతాయి. మన దగ్గర పాత ఆయిల్ ఇంజన్లు ఎందుకు బతికాయి? ఊరూరా మెకానిక్కు తెలుసు, సామాను దొరుకుతుంది, ఒకదాని భాగం ఇంకోదానికి పడుతుంది. ఇదీ అంతే.

అసలు ఈ కెమెరాలు తక్కువ రకమేమీ కాదు. 1991లో కొడాక్ కంపెనీ నికాన్ ఎఫ్3 బాడీకి సెన్సార్ తగిలించి అమ్మిన మొదటి డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ 1.3 మెగాపిక్సెళ్ళది. ధర వేల డాలర్లు, పత్రికల వాళ్ళు తప్ప ఎవరూ కొనలేకపోయారు. 2003లో కెనాన్ 300డి వెయ్యి డాలర్లలోపు వచ్చాకే మామూలు మనుషుల చేతికి వచ్చింది. 2008లో రెండు పెద్ద సంగతులు జరిగాయి. వీడియో కూడా తీసే మొదటి డీఎస్‌ఎల్‌ఆర్‌గా నికాన్ డీ90 వచ్చింది. అదే ఏడాది కెనాన్ 5డి మార్క్ 2 వచ్చింది. 2009 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఒబామా అధికారిక ఫోటో తీసింది ఆ 5డి మార్క్ 2తోనే. అధ్యక్షుడి అధికారిక ఫోటోను డిజిటల్ కెమెరాతో తీయడం అదే మొదటిసారి. మన దగ్గర 2011లో రామ్ గోపాల్ వర్మ "దొంగల ముఠా" సినిమాను కెనాన్ 5డి కెమెరాలతో అయిదు రోజుల్లో తీశాడు. సినిమా ఎట్లా ఉంది అన్నది వేరే సంగతి. థియేటర్ తెర మీద ఆడిన బొమ్మ ఆ కెమెరాది అన్నదే ఇక్కడ విషయం. అవే కెమెరాలు ఇప్పుడు స్టూడియోల బీరువాల్లో దుమ్ము పట్టి ఉన్నాయి. వాటి పనితనం తగ్గలేదు, వాటి మోజు తగ్గింది. మోజు తగ్గిన వస్తువును పనికోసం కొనేవాడికి మించిన లాభం ఎవరికీ రాదు.

మరి ఎందుకు అమ్మేస్తున్నారు అంటారా? కంపెనీలు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు వెళ్ళిపోయాయి. కెనాన్, నికాన్ తమ ఆఖరి పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్‌లను 2020లో తెచ్చాయి. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళకు 4కె వీడియో కావాలి, కంటిని పట్టుకుని వదలని ఫోకస్ కావాలి, చీకటి హాల్లో కూడా మచ్చ లేకుండా రావాలి. అందుకు వాళ్ళు మారారు. వాళ్ళ లెక్క వాళ్ళకు కరెక్టే. వాళ్ళ లెక్కను మనం మన నెత్తికి ఎత్తుకోవడమే తప్పు.

ఇక్కడే అప్పు సంగతి చెప్పాలి. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటర్, డిగ్రీ అయిపోయి ఫోటోగ్రఫీలోకి దిగిన కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. మంచిదే, అందరూ హైదరాబాద్ వెళ్ళాలని లేదు. కానీ పని రాకముందే బాడీ ఒకటి, లెన్సులు రెండు, డ్రోన్ ఒకటి, గింబల్ ఒకటి అని లిస్టు రాస్తారు. తండ్రి దస్తావేజు పట్టుకుని వెళ్తాడు. మన దగ్గర పెళ్ళిళ్ళు ఏడాది పొడుగునా ఉండవు. ముహూర్తాలున్న నెలల్లో ఉంటాయి, మూఢం వస్తే ఖాళీ. వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది, దానికి మూఢం లేదు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ కెమెరా ధర సగం అవుతుంది, అప్పు మాత్రం అంతే ఉంటుంది.

ట్రాక్టర్ నేర్చుకోవడానికి ఎవరైనా కొత్త ట్రాక్టర్ కొంటారా? పాతదాని మీద నేర్చుకుని, నాలుగు చేలు దున్ని, చేతికి నాలుగు డబ్బులు వచ్చాక కొత్తది ఆలోచిస్తారు. కెమెరాలో నేర్చుకోవాల్సింది మూడే మూడు. వెలుతురు కంత ఎంత తెరవాలి, షట్టర్ ఎంతసేపు తెరవాలి, ఐఎస్ఓ ఎంత పెట్టాలి. ఈ మూడూ 2008 కెమెరాలో ఒకటే, ఈ సంవత్సరం కెమెరాలో ఒకటే. వెలుతురు ఎటు నుంచి పడితే మొహం బాగుంటుందో తెలియనివాడికి మూడు లక్షల కెమెరా ఇచ్చినా అదే ఫోటో వస్తుంది. పాత బాడీ మీద ఏడాది నేర్చుకోనివ్వండి. అప్పుడు కొన్న లెన్సులు కూడా వృథా పోవు. కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్ పెట్టి కొత్త మిర్రర్‌లెస్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా వాడుకోవచ్చు. నికాన్‌కూ అడాప్టర్ ఉంది, కాకపోతే బాడీలోని మోటారుతో తిరిగే పాత లెన్సులకు కంపెనీ అడాప్టర్ మీద ఆటోఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాలి.

"12 మెగాపిక్సెళ్ళు ఆల్బంకు చాలవు" అని కొందరు భయపెడతారు. లెక్క వేద్దాం. మన దగ్గర పెళ్ళి ఆల్బం తెరిచి పెడితే 12 ఇంటూ 36 అంగుళాలు. అంటే ఒక పేజీ 12 ఇంటూ 18. డీ90 ఫోటో 4288 ఇంటూ 2848 చుక్కలు. ఒక పేజీ నిండా ఒకే ఫోటో వేసినా అంగుళానికి 238 చుక్కలు వస్తాయి. ఒళ్ళో పెట్టుకుని చూసే ఆల్బంకు అది ధారాళం. రెండు పేజీలూ కలిపి ఒకే ఫోటో పరిస్తే మాత్రం అందులో సగానికి పడిపోతుంది, అప్పుడు దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. ఇంతే సంగతి. ఇంట్లో గోడకు పెట్టుకునే ఫోటోకు ఏ బాధా లేదు.

గోడ మీద ఫోటో అన్నాను కాబట్టి నా మనసులో ఉన్న అసలు మాట చెప్తాను. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు పోయినప్పుడు ఏం జరుగుతుందో చూస్తున్నారు కదా. పదకొండో రోజుకు ఫోటో కావాలి. ఇల్లంతా వెతుకుతారు, పిల్లల ఫోన్లన్నీ వెతుకుతారు. పాత ఫోన్ పగిలిపోయింది, అందులో ఫోటోలు పోయాయి. ఉన్నదేమో పెళ్ళిలో ఎక్కడో వెనక వరసలో నిలబడ్డ ఫోటో. చివరికి ఆధార్ కార్డులో ఉన్న బొమ్మను పెద్దది చేయించి, మెడ కింద ఎవరిదో చొక్కా అతికించి, దండ వేస్తారు. అరవై ఏళ్ళు ఈ మట్టిలో కష్టపడిన మనిషికి మిగిలిన గుర్తు అదా? ఎన్ని ఇళ్ళలో ఆ ఫోటో చూసి ఎన్నిసార్లు బాధపడ్డానో.

అందుకని ఈ కెమెరా వచ్చాక సంక్రాంతికి మా బజారులో డెబ్బై దాటిన వాళ్ళందరికీ ఫోటోలు తీశాను. పొద్దున తొమ్మిదిలోపు, వాళ్ళ అరుగు మీదే, నీడలో కూర్చోబెట్టి తీశాను. ఆ 50 ఎంఎం లెన్సుతో వెనకాల గోడ, గడ్డివామి మెత్తగా మసకబారి మొహం ఒక్కటే నిలబడుతుంది. ఫోన్లో కూడా ఈ మసక వస్తుంది గానీ అది లెక్క కట్టి వేసిన మసక. తలపాగా అంచు, జుట్టు చివర్లు ఒక్కోసారి కోసేసినట్టు ఉంటాయి. మొహం మీది ముడతలు కూడా నునుపు చేసేస్తుంది. మన పెద్దవాళ్ళ మొహంలో ముడతలు తీసేస్తే ఇంకేం మిగిలింది? ఆ ఫోటోలు టౌన్‌లో 8 ఇంటూ 12 సైజు కడిగించి ఎవరివి వాళ్ళకు ఇచ్చాను. ఒక పెద్దాయన చూసుకుని "ఇన్నాళ్ళకు నా మొహం నాలాగా ఉందిరా" అన్నాడు. వాళ్ళలో ముగ్గురు ఇప్పుడు లేరు. ఆ మూడు ఇళ్ళలో గోడ మీద ఆధార్ బొమ్మ లేదు. నేను కెమెరా కొన్నందుకు ఇది ఒక్కటి చాలు.

ఇక దీనితో అయ్యేది కాని పనులు కూడా చెప్పుకుందాం.

పంట నమోదుకు, పంట నష్టానికి ఫోన్ ఫోటోనే కావాలి. అందులో జీపీఎస్ ఉంటుంది, ఏ చేలో ఏ టైముకు తీశారో పడుతుంది. పాత కెమెరాల్లో చాలావాటికి అది లేదు. ఫసల్ బీమా ఉన్నచోట వడగళ్ళో, ముంపో వస్తే 72 గంటల్లో చెప్పాలి. అప్పుడు కెమెరా తీసుకుని కూర్చోవద్దు, ఫోన్ తీయండి. వీడియో కూడా పాతవాటిలో అంతంత మాత్రమే. డీ90లో తీసేది 720 రకం వీడియో, అదీ ఒకసారికి అయిదు నిమిషాలే. చీకట్లో ఐఎస్ఓ 1600 దాటితే ఫోటోలో గరుకు కనిపిస్తుంది. బరువు బ్యాటరీతో కలిపి 700 గ్రాములు, లెన్సు బరువు వేరే. కార్డు పెట్టుకునే చోటు ఒక్కటే, ఆ కార్డు పాడైతే ఫోటోలు పోయినట్టే. కాబట్టి డబ్బు తీసుకుని ఇంకొకరి పెళ్ళి తీసేవాడు దీని ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. మళ్ళీ తాళి కట్టమని అడగలేం కదా.

కొనాలనుకునే వాళ్ళకు నాకు తెలిసిన నాలుగు మాటలు.

షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. ట్రాక్టర్‌కు గంటల మీటరు ఎట్లాగో దీనికి షట్టర్ కౌంట్ అట్లాగ. నికాన్‌లో అయితే ఒక ఫోటో తీసి ఆ ఫైలును కంప్యూటర్‌లో చూపిస్తే లెక్క తెలుస్తుంది. డీ90 షట్టర్‌ను కంపెనీ లక్ష సార్లకు పరీక్షించింది. 30 వేలు, 40 వేలు తిరిగినదైతే నిశ్చింతగా తీసుకోవచ్చు. పెళ్ళిళ్ళు తీసినది లక్ష దాటి కూడా ఉంటుంది, దాని ధర అట్లాగే కట్టాలి.

లెన్సును బయటకు తీసి సెల్ టార్చి వెనక నుంచి కొట్టి చూడండి. లోపల సాలెగూడు లాగా పోగులు కనిపిస్తే అది బూజు. వద్దని చెప్పి వచ్చేయండి. మా బంధువుల కుర్రాడు ఆన్‌లైన్‌లో ఫోటో చూసి డబ్బు పంపాడు, వచ్చిన లెన్సు నిండా బూజే. అమ్మినవాడు ఫోన్ ఎత్తలేదు. గేదెను చూడకుండా బయానా ఇస్తామా? ఇదీ అంతే, చేత్తో పట్టుకుని చూసే కొనాలి.

తర్వాత వెలుతురు కంత బాగా చిన్నది చేసి, అంటే ఎఫ్ 16 దగ్గర పెట్టి, ఆకాశం ఫోటో తీయండి. నల్ల మచ్చలు ఉంటే సెన్సార్ మీద దుమ్ము. అది శుభ్రం చేయించుకోవచ్చు, దానికి తగ్గట్టు ధర తగ్గించమనండి. పట్టుకునే చోట రబ్బరు ఊడిందా, జిగురుగా ఉందా, బటన్లన్నీ పనిచేస్తున్నాయా చూడండి. డీ90కు మెమరీ కార్డు 32 జీబీ దాకానే, అంతకంటే పెద్దది పెడితే తీసుకోదు. బ్యాటరీ మంచిదైతే కంపెనీ లెక్కలో ఒక చార్జింగ్‌కు 850 ఫోటోలు, డూప్లికేట్ బ్యాటరీలతో అంత రాదు. నికాన్ డీ40 లాంటి చిన్న బాడీలు ఇంకా తక్కువకు వస్తాయి గానీ వాటిలో ఫోకస్ మోటారు ఉండదు. నేను చెప్పిన 50 ఎంఎం డి రకం లెన్సు వాటికి తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి.

ఇంకొకటి. ఈ మధ్య సీసీడీ సెన్సార్ ఉన్న మరీ పాత కెమెరాలకు రంగులు అద్భుతంగా వస్తాయని చెప్పి ధర పెంచుతున్నారు. నన్నడిగితే ఆ మాటకు అదనంగా డబ్బు పెట్టొద్దు. రంగు ఒక్క సెన్సార్ రకాన్ని బట్టే రాదు. దాని మీద వేసిన రంగు జల్లెడలు, లోపల ఫోటోను తయారుచేసే లెక్కలు, అన్నీ కలిస్తే రంగు. పాత బియ్యం రుచి నిజమే గానీ, పాత గోతంలో పోసిన ప్రతి బియ్యమూ పాత బియ్యం కాదు.

కొన్నాక దాచుకోవడం ముఖ్యం. వానాకాలం మన దగ్గర తేమకు లెన్సులకు బూజు పట్టడం ఖాయం. గుడ్డ సంచిలో, తోలు సంచిలో కట్టి బీరువాలో పెట్టొద్దు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకు వస్తే తేమ పీల్చేశాయని అర్థం, వేడి చేస్తే మళ్ళీ నీలం అవుతాయి. పిల్లలకు అందకుండా ఉంచండి. వారానికి ఒకసారి బయటకు తీసి వాడండి. వాడే వస్తువుకు బూజు రాదు. మందు కొట్టే రోజు, కల్లంలో దుమ్ము లేచే రోజు లెన్సు మార్చొద్దు.

చివరిగా ఒక్క మాట. కొత్తది మంచిది కాదని ఎవరూ అనరు. స్థోమత ఉన్నవాడు, దాని మీద సంపాదించేవాడు కొనుక్కోవచ్చు. కానీ మన ఇంట్లో ట్రాక్టర్ వచ్చినా గుంటక, కొడవలి పారేయలేదు. ఏ పనికి ఏది చాలుతుందో మనకు తెలుసు. పొలం పనిముట్ల విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే మనం, తెర ఉన్న వస్తువు కనిపించగానే ఆ జాగ్రత్త ఎందుకు మర్చిపోతున్నాం? వస్తువు పాతదా కొత్తదా అని కాకుండా, నా పనికి చాలుతుందా, చెడితే బాగుచేయించుకోగలనా, దానికోసం అప్పు చేయాలా అని మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. పాత డీఎస్‌ఎల్‌ఆర్ మన దగ్గర ఈ మూడింటికీ నిలబడుతోంది. అందుకే దాన్ని ఇంకా ఇష్టపడేవాళ్ళు ఉన్నారు.

మీ బంధువుల స్టూడియోలోనో, మీ ఇంటి అటక మీదో ఇలాంటిది ఒకటి పడి ఉండే ఉంటుంది. దించి, దుమ్ము తుడిచి, చార్జింగ్ పెట్టి చూడండి. పనిచేస్తే మొదటి ఫోటో చేనుది తీయకండి. ఇంట్లో అమ్మో నాన్నో ఉంటే వాళ్ళది తీయండి. తీసి ఊరుకోకుండా కడిగించి పెట్టండి.